పై చదువుకి సెమినరీకి వెళ్తానన్న పాస్టరు తమ్ముడికి

బాబూ, వందనాలు.

కవిటిలో సంఘం నిలదొక్కుకున్నాక మళ్లీ సెమినరీకి వెళ్లి పై చదువు చదవాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆత్మ నడిపిస్తుంటే చదువు దేనికి అనేవాళ్లు మన చుట్టూ ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో వాదన పెట్టుకోకు, వెళ్లు. కాకపోతే ఎం.టిహెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) మంచిదా డి.మిన్. (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ) మంచిదా అని అడిగావు చూడు, దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: నీ సంఘంలో ఏ ప్రశ్నకి జవాబు చెప్పలేక నీకు నిద్ర పట్టడం లేదు? అది తేలితే కోర్సు దానంతటదే తేలుతుంది.

నన్నడిగితే నీ ప్రశ్న నీ ఊళ్లోనే ఉంది. నీ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్లయినా డాక్టర్లే గట్టిగా తేల్చలేకపోయారు. కొబ్బరితోటల్లో కూలి చేసుకునే మనిషి, ఏ చెడు అలవాటూ లేనివాడు, మంచం పడితే ఇంటివాళ్లు "ఏం పాపం చేశామండీ అయ్యగారూ" అని అడిగేది నిన్నే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే కదా, యోహాను తొమ్మిదో అధ్యాయంలో. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని నోరు మెదపనంతసేపూ బాగానే ఉన్నారు, మాట్లాడటం మొదలుపెట్టాకే ఆయన గాయం మీద కారం చల్లారు. మనం సమాధుల దగ్గరా మంచాల దగ్గరా చెప్పే వాక్యంలో చాలాభాగం ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజు మాటల్లాగే ఉంటోంది. ఇది నన్ను చాలా బాధపెడుతుంది బాబూ.

డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల పక్కన ఒక పూట పూర్తిగా కూర్చో, దాదాపు నాలుగు గంటలు. చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయడం మనకి అలవాటు, కానీ ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి నొక్కి పట్టుకోకూడదు, అటు పక్క బీపీ కూడా చూడరు. నీళ్లు లెక్కపెట్టుకుని తాగే మనిషిని ఉపవాస ప్రార్థనకి రమ్మని బలవంతం చేయకూడదు. స్వస్థత ప్రార్థన చేశాం కాబట్టి డయాలసిస్ మానెయ్యమని ఎవరైనా చెబితే ఆ మాటని నువ్వు అక్కడికక్కడే ఖండించాలి. ఇవన్నీ వేదాంతం కాదనుకోకు. దేవుడు ఎవరు, శరీరం ఏమిటి, స్వస్థత అంటే ఏమిటి అన్న పాఠాలన్నీ ఆ వార్డులోనే ఉన్నాయి.

అందుకే నీకు డి.మిన్. సరిపోతుందని నా అభిప్రాయం. అది బి.డి.యో ఎం.డివ్.వో (పాస్టర్ల మొదటి వేదాంత డిగ్రీలు) అయ్యి, కొన్నేళ్లు సేవలో ఉన్నవాళ్ల కోసం పెట్టిన చదువు. సంఘాన్ని వదలకుండా, అప్పుడప్పుడు వెళ్లి క్లాసులకి కూర్చుని వస్తూ, నీ పరిచర్యలోని సమస్య మీదే ప్రాజెక్టు రాస్తావు. సెమినరీలో పాఠం చెప్పాలనో పరిశోధనలోకి వెళ్లాలనో ఉంటే మాత్రం ఎం.టిహెచ్., అది రెండేళ్లు అక్కడే ఉండి చదవాలి, పాత నిబంధన తీసుకుంటే హీబ్రూ, కొత్త నిబంధన తీసుకుంటే గ్రీకు తప్పవు.

ఇక చోటు గురించి. మన దగ్గర ఫ్లెక్సీల మీద పేరుకి ముందు "డాక్టర్" కనబడని కూటం లేదు. డబ్బు కడితే ఇంటికే పట్టా పంపేవాళ్లు నీకూ ఫోన్ చేస్తారు. ఆ మెసేజ్ చూసిన వెంటనే తీసెయ్. ఏ సెమినరీ అయినా సరే, బెంగాల్లోని సెరంపూరు కాలేజీ సెనేట్‌కి, అంటే వేదాంత పట్టాలిచ్చే సంస్థకి, అనుబంధంగా ఉందా, లేదా ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉందా, అదీ నువ్వు చేరే కోర్సుకే ఉందా అని రాతపూర్వకంగా అడుగు, ఆ పైసంస్థ జాబితాలో పేరు నీ కళ్లతో చూసుకో. సెరంపూరు కాలేజీకి పట్టాలిచ్చే హక్కుతో 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ ఉంది, 1918లో బెంగాల్ చట్టమూ వచ్చింది. మన తీరానికి ఆ ఊరితో పాత బంధమే. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ ఆనందరాయరు అనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేసిన పనే మత్తయి, మార్కు, లూకా సువార్తలుగా 1812లో సెరంపూరులో అచ్చయింది. చూడు, పుస్తకం అక్కడ అచ్చయినా పని జరిగింది మన మనుషుల మధ్యనే.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు, కానీ ఇప్పుడే మొదలుపెట్టు. రోజూ ఒక పేజీ వ్యాఖ్యానం చదువు, సాయంత్రం దాన్ని అమ్మాయికి, అంటే నీ భార్యకి, తెలుగులో చెప్పు. ఆమెకి అర్థం కాకపోతే నీకూ అర్థం కానట్టే.

డబ్బు విషయంలో వడ్డీకి అప్పు మాత్రం తేవద్దు. ఫీజులో రాయితీ ఎంత, స్కాలర్‌షిప్పు ఉందా అని ముందే అడుగు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. సంఘ పెద్దలతో కూర్చుని, నువ్వు లేని ఆదివారాలు వాక్యం ఎవరు చెబుతారు, ప్రభువు బల్ల ఎవరిస్తారు, ఎవరైనా పోతే ఎవరిని పిలవాలి అన్నవి కాగితం మీద రాసి సంతకాలు తీసుకో. వలస వెళ్లిన మగవాళ్ల ఇళ్లల్లో పెద్ద దిక్కుగా నిలిచిన అక్కలు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, వాళ్లలో ఇద్దరికైనా ఇప్పటినుంచే వాక్యం చెప్పడం నేర్పించు. అమ్మాయి ఇష్టం కూడా అడుగు, చెప్పి వెళ్లడం వేరు, అడిగి వెళ్లడం వేరు. పాస్టరమ్మగారంటే జీతం లేని రెండో పాస్టరు అని అందరూ అనుకుంటారు, నువ్వు అలా అనుకోకు.

అప్లికేషన్ పంపే ముందు నీ ప్రశ్నని రెండు పేజీల్లో, తెలుగులోనే రాసి నాకు పంపు. డయాలసిస్‌కి పలాస బండి ఎక్కేటప్పుడు రోగులు చెప్పుకునే మాటలు కూడా అందులో ఉండాలి. సిఫారసు ఉత్తరం నేను రాసిస్తాను, అయితే ఆఖరి తేదీకి ముందురోజు కాకుండా కనీసం రెండు వారాలు ముందే అడుగు.