చిన్న చెక్క పెట్టె చేయిస్తే పిల్లలకు నిజంగా ఏం వస్తుంది?

కొలిచి కోయడం, చెక్క స్వభావాన్ని బట్టి ముందే ఆలోచించడం, ముఖ్యంగా ఈ రెండూ వస్తాయి. నోటుపుస్తకంలో తప్పు పడితే రబ్బరుతో చెరిపేయొచ్చు గానీ పొట్టిగా కోసేసిన పలక మళ్లీ పెరగదు కదా, అందుకే రంపం పెట్టే ముందు ఇంకోసారి కొలవడం ఎవరూ చెప్పకుండానే అలవాటవుతుంది.

ఉదాహరణకు బయటి కొలత 20 సెంటీమీటర్లుండే చదరపు పెట్టె, పలక మందం 1 సెంటీమీటరు అనుకోండి. పిల్లలు (పెద్దలు కూడా!) నాలుగు పలకలూ 20కే కోసేస్తారు. మధ్యలో ఇరికే రెండూ 18 ఉండాలి. మందం లెక్క బుర్రకెక్కేది అక్కడే.

విశాఖలో వానాకాలం తేమకు తలుపులు బిగుసుకుపోవడం మనకు మామూలే. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా ఉబ్బుతుంది, కాబట్టి జారుడు మూత పెట్టేటప్పుడు పక్కల కాస్త సందు వదలాలని కూడా తెలుస్తుంది.

పిల్లలకు మొద్దు రంపమైతే సేఫ్ అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. పదును లేకపోతే బలమంతా పెట్టి తోయాలి, అలా తోసేటప్పుడే జారి చెయ్యి తెగుతుంది. పదునున్న చిన్న రంపం ఇచ్చి, చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.