ప్లటూన్‌లో ఐదు వందల మంది ఉండరు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రాత్రి కాపలా ఘట్టం చాలా బాగా కుదిరింది. మూడో పేజీలోనే చిక్కొచ్చింది. మేజర్ జనరల్ కందకంలోకి దిగి, ఒక సిపాయిని పేరు పెట్టి పిలిచి "ఆ రాయి వెనక్కి పో" అన్నాడు చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. ఆయన నడిపేది డివిజన్. ఆయన కింద పది పదిహేను వేల మంది ఉంటారు. రాయి వెనక ఎవడు నక్కాలో చూసుకోవడానికి వేరే మనిషి ఉన్నాడు.

ఈ తప్పు నేనూ చేశాను. నా మొదటి నవలికలో "ఐదు వందల మంది ప్లటూన్ కొండెక్కింది" అని రాశాను. ప్లటూన్ అనే మాట గంభీరంగా వినిపించింది, అంతే. ఒక రిటైర్డ్ సుబేదార్ గారు కార్డు రాశారు: "మా ప్లటూన్‌లో ముప్ఫై చిల్లర మందే ఉండేవాళ్లమండీ. మిగతావాళ్లను మీరెక్కడి నుంచి తెచ్చారు?" వారం రోజులు కలం ముట్టుకోలేదు.

లెక్క కష్టమేమీ కాదు. పదాతి దళంలో ఎనిమిది పది మంది ఒక సెక్షన్. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, మూడు ప్లటూన్లు ఒక కంపెనీ. అక్కడికి వందా నూట ఇరవై అవుతారు. నాలుగు కంపెనీలకు మోర్టార్లు, సిగ్నల్స్ లాంటివి కలిస్తే బెటాలియన్, ఇంచుమించు 800 మంది. మన 'పటాలం' ఈ బెటాలియనే, నోళ్లలో నలిగి అలా అయింది. ఆపైన బ్రిగేడ్, డివిజన్, కోర్. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి.

ప్రతి మెట్టు దగ్గరా ఆ మూడూ నాలుగూ ఎందుకొస్తాయో ఆలోచించు. తుపాకుల మోతలో ఒక మనిషి ముగ్గురు నలుగురికి మించి ఆజ్ఞలివ్వలేడు, వాళ్ల నుంచి కబుర్లు వినలేడు. పైగా ఇద్దరిని ముందుకు పంపి, ఒకరిని వెనక అట్టిపెట్టుకోవచ్చు. మహాభారతంలో కూడా ఇదే లెక్క. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంటులు కలిస్తే పత్తి. మూడు పత్తులు సేనాముఖం, మూడు సేనాముఖాలు గుల్మం. అలా మూడేసి రెట్లు పెరుగుతూ అనీకిని దాకా వెళ్లి, పది అనీకినులతో 21,870 రథాల అక్షౌహిణి అవుతుంది. చెంఘీజ్ ఖాన్ మాత్రం పదులు పట్టుకున్నాడు: పది, వంద, వెయ్యి, పది వేలు.

పేరు చూసి అంకె వేయకు. సెంచరీ అంటే మనకు వంద. రోమన్ సామ్రాజ్యపు రోజుల్లో సెంచరీ అంటే ఎనభై మందే, గుడారానికి ఎనిమిది మంది చొప్పున పది గుడారాలు. రెజిమెంట్ ఇంకా పెద్ద తిరకాసు. ఫిరంగి దళంలో అది బెటాలియన్ అంతే ఉంటుంది. మన పదాతి దళంలో ఒకే రెజిమెంట్ పేరుతో పాతికకు దగ్గరగా బెటాలియన్లు కూడా ఉండొచ్చు. అవన్నీ ఒకచోట కలిసి యుద్ధం చేయవు. కాగితం మీద 120 మంది ఉన్న కంపెనీ నెల రోజుల పోరు తర్వాత డెబ్బై మందితో మిగలొచ్చు. అయినా దాన్ని కంపెనీ అనే అంటారు. కథకు పనికొచ్చే సంగతి అది.

కథకుడిగా నువ్వు పట్టుకోవలసింది అంకె కాదు, ఎవరికి ఎంత కనిపిస్తుందో అది. సెక్షన్ నడిపే హవల్దార్‌కు ఎవడి బూటు కరుస్తోందో, ఎవడికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదో తెలుసు. కంపెనీ మేజర్ ముఖం చూసి పేరు చెప్పగలడు. బ్రిగేడియర్‌కు బెటాలియన్లు మ్యాప్ మీద గుర్తులు. ఆయన రాతిగుండె మనిషని కాదు, అంత దూరం నుంచి అంతే కనిపిస్తుంది.

మూడో పేజీ తిరగరాసి పంపు. జనరల్‌ను కొట్టేయకు, వెనక్కి తీసుకుపోయి మ్యాప్ ముందు కూర్చోబెట్టు. ఎడమ పక్క బెటాలియన్ నుంచి రెండు గంటలుగా కబురు లేదు, టెన్షన్‌తో టీ చల్లారిపోయింది. కందకంలో ఆ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలవాల్సింది హవల్దార్. అతని గొంతు బొంగురుపోయి ఉండాలి.

నీ
అన్నయ్య