ఛాతీ మంటకు రోజూ వంట సోడా తాగుతున్నారా?

ప్రశ్న: నా వయసు 54. మిగిలిపోయిన వాటిని పారేయడానికి నాకు మనసొప్పదు. మగ్గిన అరటిపళ్లు, ఎండిన బ్రెడ్డు, పులిసిన పాలు, డబ్బా అడుగున మిగిలిన బాదం, వేరుశనగలు కలిపి కేకులు, బిస్కెట్లు చేస్తుంటాను. బ్రెడ్డు మీద కొద్దిగా బూజు కనిపిస్తే ఆ మేరకు గీకేస్తాను. పది నెలల మనవరాలికి చక్కెర ఎందుకని తేనెతో బిస్కెట్లు చేస్తున్నాను. ఈ మధ్య కేకు సరిగా పొంగడం లేదు. వంట సోడా ఎంత వేయాలి? ఎక్కువైతే హాని చేస్తుందా? నాకు బీపీ ఉంది. రెండు నెలలుగా ఛాతీలో మంటగా ఉంటోంది. అదే సోడా ఒక టీస్పూను నీళ్లలో కలిపి రోజుకు రెండుసార్లు తాగితే తగ్గుతోంది. గత నెల డాక్టరు బీపీ మాత్ర మోతాదు పెంచారు.

జవాబు: అమ్మా, మీరు కేకు గురించి అడిగారు. నాకు మాత్రం మీ లేఖలోని చివరి మూడు వాక్యాలే ముఖ్యంగా కనిపించాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

ఒక టీస్పూను వంట సోడాలో దాదాపు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తంలో తీసుకునే సోడియం 2,000 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు తిండిలో ఉప్పు ఎంత తగ్గించినా, రెండు గ్లాసుల సోడా నీళ్లతోనే ఆ హద్దు దాటిపోతోంది. మీ బీపీ పెరగడానికి ఇదే కారణమని మిమ్మల్ని చూడకుండా తేల్చి చెప్పలేను. అనుమానించడానికి మాత్రం తగిన కారణం ఉంది. మోతాదు పెంచిన డాక్టరుకు సోడా సంగతి చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. మందుల దుకాణంలో కొన్నది కాదు కదా, వంటింటి వస్తువే కదా అని చాలామంది ఈ మాట దాచకుండానే దాచేస్తారు. వంటింటిదైనా బాధ తగ్గడానికి రోజూ తీసుకుంటున్నారంటే అది మందే. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి.

సోడా తాగగానే హాయిగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అది కడుపులోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది, మీకు వచ్చే త్రేన్పు అదే. కడుపు నిండా తిన్న వెంటనే ఎక్కువ సోడా తాగినప్పుడు ఆ వాయువు ఒత్తిడికి కడుపు చిట్లిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. రోజుల తరబడి తాగితే రక్తంలో క్షారగుణం పెరిగి పొటాషియం పడిపోవచ్చు. మీ వయసులో చాలామంది కాల్షియం మాత్రలు వేసుకుంటారు. వాటికి సోడా తోడైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ రోజు నుంచే సోడా నీళ్లు ఆపండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు, తగ్గించవద్దు. అమ్లోడిపిన్ వంటి కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా ఛాతీ మంట ఎక్కువ కావచ్చు. మీ మాత్ర అలాంటిదో కాదో, మార్చాలో వద్దో మీ డాక్టరే చూస్తారు.

ఇంకో మాట. రెండు నెలల మంట అని మీరు తేలిగ్గా రాశారు. గ్యాస్ అనుకుని రాత్రంతా సోడా తాగి, తెల్లవారాక గుండెపోటుతో వచ్చినవారిని నేను చూశాను. అందుకే ఈ ఆలస్యం అంటే నాకు కోపం. బీపీ ఉన్న 54 ఏళ్ల మనిషికి ఛాతీలో మంట వస్తే ముందు ఈసీజీ తీయించాలి, ఆ తర్వాతే ఆమ్లం గురించి ఆలోచించాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో మంట వచ్చినా, చెమట, ఆయాసం తోడైనా, దవడకో చేతికో నొప్పి పాకినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. ముద్ద మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలం నల్లగా రావడం, వాంతిలో రక్తం కనిపించడం కూడా తేలిగ్గా తీసుకునేవి కావు. వాటికి ఎండోస్కోపీ అవసరం కావచ్చు. ఈలోగా రాత్రి తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు వదలండి. పడుకునే ముందు కేకు ముక్క తినే అలవాటుంటే అదీ మానండి.

మనవరాలి తేనె బిస్కెట్లు ఇప్పుడే ఆపాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) కలిగించే బ్యాక్టీరియా సిద్ధబీజాలు ఉండవచ్చు. ఓవెన్ వేడికి అవి చావవు. ఇప్పటికే తిన్నదని భయపడిపోకండి, ఈ జబ్బు అరుదు. అయితే పాపకు మలబద్ధకం, ఏడుపు నీరసంగా ఉండటం, పాలు సరిగా తాగకపోవడం, మెడ నిలపలేకపోవడం, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. తేనె పెట్టిన సంగతి తప్పక చెప్పండి. ఆ వయసు బిడ్డకు చక్కెరా అక్కర్లేదు, మెత్తగా చిదిమిన అరటిపండు తీపి చాలు.

బూజు గీకేస్తే పోదు. పైకి కనిపించేది కొంతే, దాని పోగులు మెత్తని బ్రెడ్డు లోపలికి పాకి ఉంటాయి. బూజు పట్టిన బ్రెడ్డును మొత్తంగా పారేయండి. వేరుశనగలు, బాదం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వాటి మీద పెరిగే కొన్ని బూజులు కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఓవెన్ 180 డిగ్రీలు చూపించినా తడి ఉన్న కేకు లోపల 100 డిగ్రీలకు మించదు, ఆ విషం చెక్కుచెదరదు. రంగు మారినవి, ముడుచుకుపోయినవి, చేదెక్కినవి వాడవద్దు. గంటల తరబడి ఫ్రిజ్ బయట ఉండి పులిసిన పాలదీ అదే సమస్య. వేడికి సూక్ష్మజీవులు చచ్చినా అవి వదిలిన విషాలు కొన్ని మిగిలిపోతాయి. కేకుకు పులుపు కావాలంటే తాజా మజ్జిగ పోయండి. కేవలం ఎండి గట్టిపడిన బ్రెడ్డుతో, తొక్క నల్లబడి లోపల బాగున్న అరటిపళ్లతో ఏ ఇబ్బందీ లేదు, నిశ్చింతగా వాడుకోండి.

ఇక కేకు. మజ్జిగ, అరటిపండు వంటివి ఉన్న పిండిలో కప్పు మైదాకు పావు టీస్పూను సోడా సరిపోతుంది. అందులోని సోడియం ముక్కలన్నిటికీ పంచుకుపోతుంది కాబట్టి ఒక ముక్కతో భయం లేదు. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది తప్ప అదనంగా పొంగదు. మీ సోడా పాతబడిందేమో చూడండి. చిటికెడు సోడా మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే బుసబుసా పొంగాలి.

డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. అప్పటివరకు ఇంట్లో బీపీ యంత్రం ఉంటే ఉదయం, సాయంత్రం చూసి అంకెలు రాసుకోండి. సోడా ఎప్పటి నుంచి తాగారు, ఎప్పుడు ఆపారు అన్నది కూడా అదే కాగితం మీద రాసి, వేసుకునే మాత్రలన్నిటితో పాటు తీసుకెళ్లండి. రక్తంలో పొటాషియం, కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు అవసరమేమో అడగండి.