గోడ ఉబ్బిందా, మోడల్ ఉబ్బిందా?

ప్రశ్న: పాత రాతి కట్టడం ముందు గోడకు 400 ఫొటోలు తీసి త్రీడీ మోడల్ చేశాం. గోడ మధ్యలో 6 సెంటీమీటర్లు ఉబ్బినట్టు చూపిస్తోంది. దారం కట్టి చూస్తే తిన్నగానే ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: దారాన్నే. గోడకు ఎదురుగా, ఒకే దూరంలో, కెమెరాను ఒకేలా పట్టుకుని తీసుకుంటూ పోతే సాఫ్ట్‌వేర్‌కు లెన్స్ వంపేదో, గోడ వంపేదో తేల్చుకునే దారి ఉండదు. లెన్స్ వంపును గోడకు అంటగడుతుంది.

ఈసారి జూమ్ వద్దు. ఒకే ఫోకల్ లెంగ్త్ పెట్టి, ఫోకస్ రింగును టేపుతో కదలకుండా చేయండి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి. పక్క ఫొటోతో 80 శాతం, పై వరసతో 60 శాతం కలవాలి. అసలు మందు మాత్రం ఏటవాలు ఫొటోలే: ఎడమ నుంచీ కుడి నుంచీ 20-30 డిగ్రీల కోణంలో కొన్ని, కెమెరాను నిలువుగా తిప్పి మరికొన్ని. మబ్బు పట్టిన రోజు మేలు. ఎండలో గంట గడిస్తే చెక్కడాల నీడ జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ నీడ అంచునే గుర్తుగా పట్టుకుంటుంది.

24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 మిల్లీమీటర్ల లెన్స్ అయితే 4 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ అంటే గోడ మీద 1 మిల్లీమీటరు. అంతకన్నా సన్నని పగుళ్లు కావాలా, దగ్గరికి జరగాల్సిందే.

టోటల్ స్టేషన్‌తో (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే పరికరం) 12 గుర్తులు కొలిస్తే, గోడ మూలలూ మధ్యభాగమూ వచ్చేలా 8 సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, 4 దాచుకోండి. మోడల్ అయ్యాక ఆ నాలుగింటి దగ్గర తేడా చూడండి. అన్నీ ఇచ్చేస్తే ప్రశ్నపత్రం ముందే చూపించినట్టు, మార్కులు బాగానే వస్తాయి! గుర్తుల కోసం చెక్కడాల మీద స్టిక్కర్లు అంటించకండి. రాతి మీది మచ్చ, అతుకు మూల చాలు.

ప్రశ్న: లేజర్ స్కానింగ్ చేయించాం. చివరికి త్రీడీ మోడల్ ఫైలొక్కటే చేతికిచ్చారు. చాలదా?

జవాబు: చాలదు. మోడల్‌లో గీసినవారి ఊహ కలుస్తుంది. ఒరిగిన స్తంభం అందులో నిటారుగా నిలబడిపోతుంది. పాయింట్ క్లౌడ్‌ను, అంటే స్కానర్ కొలిచిన బిందువులన్నిటినీ, ఈ57 (E57) అనే ఫైల్ ఫార్మాట్‌లో, ఏ స్కాన్‌కు ఆ స్కాన్ విడిగా అడగండి. స్కాన్లు ఒకదానితో ఒకటి ఎంత బాగా అతికాయో చెప్పే రిజిస్ట్రేషన్ రిపోర్టు, విడిగా కొలిచిన గుర్తుల (కంట్రోల్ పాయింట్ల) కోఆర్డినేట్లు కూడా. పారిస్‌లోని నోటర్ డామ్ చర్చిని కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో స్కాన్ చేశారు. ఆయన 2018లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 15న కప్పు కాలిపోయింది. కాలకముందు కొలతల కోసం అందరూ వెతికినవాటిలో ఆ పాయింట్లూ ఉన్నాయి.

కింద నుంచి స్కాన్ చేస్తే కార్నిస్ (గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచు) పైభాగం కనపడదు. అక్కడ ఖాళీని ఖాళీగానే వదలమనండి, సాఫ్ట్‌వేర్‌తో పూడ్చనివ్వకండి.