కోవిడ్ కాలంలో అమెరికాలోని లాటినోలకు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లకు) స్పానిష్ కరపత్రాలు పంచితే సరిపోలేదా?

సరిపోలేదు. భాష ఒక అడ్డంకి మాత్రమే. అంతకన్నా పెద్దవి భయం, కూలి పోతుందన్న బెంగ. 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ‘పబ్లిక్ ఛార్జ్’ నిబంధన వల్ల, ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డు రాదేమోనని చాలామంది వెనకాడారు. కోవిడ్ పరీక్ష, చికిత్స ఆ లెక్కలోకి రావని అధికారులు చెప్పినా టెన్షన్ పోలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ ప్రాంతాన్నే తీసుకోండి. 2020 ఏప్రిల్‌లో స్థానిక లాటినో సంఘాలు, యూసీఎస్‌ఎఫ్ (శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) వైద్యులు కలిసి అక్కడికక్కడే పరీక్షలు చేశారు. పాజిటివ్ వచ్చినవాళ్లలో దాదాపు 95 శాతం లాటినోలే. పాజిటివ్ వచ్చినవాళ్లలో 90 శాతం మందికి ఇంటి నుంచి పని చేసే వీలే లేదు. అలాంటివాళ్లను రెండు వారాలు గడప దాటొద్దంటే ఇల్లు గడిచేదెలా? అందుకే వాళ్ల ఇళ్లకు సరుకులు కూడా చేర్చారు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదేనని నా అభిప్రాయం. తర్వాత పనికి వెళ్లే దారిలోనే, 24వ వీధి రైలు స్టేషన్ దగ్గర పరీక్షలు పెట్టారు.

ఇక ‘ప్రొమోతోరా’లు, అంటే స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. మన ఆశా కార్యకర్తల్లాగే వీళ్లూ ఆ వాడలో మనుషులే. ముఖపరిచయం ఉంటుంది కాబట్టి జనం టీకా గురించి అనుమానాలు వాళ్ల దగ్గర మొహమాటం లేకుండా అడిగేవారు.