షాపులో అమ్మరు కాబట్టి భయం లేదా?

సందేహం: మేము ఈ వేసవిలోనే కాలిఫోర్నియా వచ్చాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో చేరుతున్నాడు. ఇక్కడ పళ్ల రుచుల వేప్‌లు (ఈ-సిగరెట్లు), పుదీనా చల్లదనం ఉండే మెంథాల్ సిగరెట్లు షాపుల్లో అమ్మరట కదా, ఇక ఆ టెన్షన్ మాకు లేనట్టేనా అన్నయ్యా?

జవాబు: సగం తగ్గించుకోవచ్చమ్మా. మిగతా సగం ఇంట్లో మనం చూసుకోవాల్సిందే.

మీరు విన్నది నిజమే. 2022 నవంబరులో ఇక్కడి ఓటర్లు ఒప్పుకున్నాక, అదే డిసెంబరు 21 నుంచి రుచి కలిపిన పొగాకు సరుకులు షాపుల్లో అమ్మకూడదు. హుక్కా పొగాకు, ఖరీదైన చుట్టల లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. ఈ చట్టం పట్టుకునేది అమ్మేవాణ్ని, కొన్న పిల్లవాణ్ని కాదు. 21 ఏళ్లు నిండనివాళ్లకు ఏ పొగాకూ అమ్మకూడదన్న రూల్ 2019 డిసెంబరు నుంచి దేశమంతటా ఉంది.

రుచి మీదే ఎందుకు పడ్డారంటే, మొదటి దమ్ము ఎవరికైనా గొంతు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. పుదీనా చల్లదనం, మామిడి తీపి ఆ దగ్గును కప్పేస్తాయి. నికోటిన్ పట్టు దొరికేదాకా రుచి చెయ్యి పట్టుకుని నడిపిస్తుందన్నమాట.

మరి ఆపితే పిల్లలు మానేస్తున్నారా? న్యూయార్క్ నగరం 2010 నుంచి మెంథాల్ కాని రుచుల పొగాకును కట్టడి చేసింది. 2013 నాటికి అక్కడి టీనేజర్లు ఏదో ఒక పొగాకు వాడి చూసే అవకాశం 28 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి వచ్చేసరికి, అక్కడ రుచుల నిషేధం తర్వాత పిల్లల్లో సిగరెట్లు పెరిగాయని 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అయితే ఆ సర్వే నాటికి అక్కడ నిషేధం సరిగ్గా అమల్లోకే రాలేదని మరికొందరు తప్పుపట్టారు. నేను మాత్రం కట్టడి పనిచేస్తుందనే నమ్ముతాను, కానీ సందులు వదిలితే కాదు. 2009లో అమెరికా కేంద్ర ప్రభుత్వం సిగరెట్లలో రుచులు ఆపేసి మెంథాల్‌ను వదిలేసింది. 2020లో కార్ట్రిడ్జ్ వేప్‌లలో (ద్రవం ఉన్న డబ్బీ మార్చుకునే రకం) పళ్ల రుచులు ఆపి, వాడి పారేసే రకాన్ని వదిలేసింది. పిల్లలు నేరుగా ఆ పారేసే రకం మీదికే వెళ్లారు. నీళ్లు పల్లమెరుగు అన్నట్టే.

దేశం మొత్తమ్మీద చూస్తే హైస్కూలు పిల్లల్లో వేప్ వాడేవాళ్లు 2019లో 27.5 శాతం, 2024లో 7.8 శాతం. ఇదంతా రుచుల కట్టడి ఘనతే అనలేం. 21 ఏళ్ల రూలుంది, మధ్యలో కోవిడ్ వచ్చి బళ్లు మూతపడ్డాయి. కానీ 2024లో వేప్ వాడుతున్న పిల్లల్లో దాదాపు 88 శాతం మంది చేతిలో ఉన్నది రుచి కలిపినదే. షాపు కాదంటే స్నేహితుడి అన్నయ్య ఇస్తాడు, ఫోన్‌లో ఎవరో అమ్ముతారు.

మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. మావాడు పదో తరగతిలో ఉన్నప్పుడు ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులో హైలైటర్ పెన్ లాంటిది దొరికింది. మామిడిపండు వాసన! సెంటు వేసిన పెన్ను కాబోలు అనుకున్నాను. విషయం తెలిశాక "నాది కాదు నాన్నా, ఫ్రెండ్‌ది" అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. వాడు చివరికి నోరు విప్పింది పిల్లల డాక్టరు దగ్గర, అదీ నన్ను గది బయట కూర్చోబెట్టాక.

ఇది మనవాళ్లు చాలామందికి మింగుడుపడదు. ఇక్కడ ఈ వయసు పిల్లలతో డాక్టర్లు కాసేపు ఒంటరిగా మాట్లాడతారు. మనల్ని బయటికి పంపితే అవమానం అనుకోకండి. ఆ పది నిమిషాల్లో వాళ్లు అడిగేవి మనం అడగలేం.

బడిలో పట్టుబడితే దాచిపెట్టకుండా, శిక్ష ఒక్కటేనా లేక కౌన్సెలింగ్ కూడా ఉందా అని అడగండి. మానాలనుకునే పిల్లలకు 1-800-784-8669 నంబరులో ఉచితంగా సాయం దొరుకుతుంది.

ఇంకొకటి, ఇండియాలో ఎవరైనా "అమెరికా నుంచి ఒక వేప్ పట్రా" అంటే వద్దనండి. 2019 నుంచి అక్కడ ఈ-సిగరెట్లు దిగుమతి చేయడమే నేరం. ఇంట్లో పెద్దవాళ్లు జర్దా వేసుకుంటుంటే అదీ వాసన కలిపిన పొగాకే; దాన్ని వదిలేసి పిల్లవాడికి ఉపదేశం చేస్తే వాడు నవ్వుతాడు.

బడి మొదలయ్యేలోపు చెకప్ ఉంటుంది కదా. డాక్టరు అడగకముందే మీరే లేచి బయటికి వచ్చేయండి. చదువుకోవడానికి ఏదైనా పుస్తకం తీసుకెళ్లండి, ఆ పది నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.