పైపీఐలో నిమిషాల్లో, డెబియన్‌లో నెలల్లో: ఈ నిరీక్షణ వృథానా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా పైథాన్ లైబ్రరీని, పైథాన్ ప్యాకేజీల ఆన్‌లైన్ రిపోజిటరీ (భాండాగారం) అయిన పైపీఐలో నిమిషాల్లో పెట్టగలిగాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్‌లో చేర్చాలని ప్రయత్నిస్తే నెలలు గడిచినా తనిఖీ పూర్తి కాలేదు. ఇంకా సమయం వెచ్చించడం ఉద్యోగానికి ఉపయోగపడుతుందా?

సమాధానం: తప్పకుండా ఉపయోగపడుతుంది. అయితే ఆ ప్రయోజనం మీ ప్యాకేజీ చేరడంలో కంటే, తనిఖీ ఎలా జరుగుతుందో మీరు నేర్చుకోవడంలోనే ఎక్కువగా ఉంది.

పైపీఐలో ఖాతా, 2024 నుంచి తప్పనిసరైన రెండంచెల ధ్రువీకరణ ఉంటే చాలు. ప్రచురణకు ముందు మీ కోడ్‌ను ఎవరూ చదవరు. ఆ స్వేచ్ఛ వల్లే అక్కడ లక్షల ప్రాజెక్టులు చేరాయి, పేరున్న ప్యాకేజీల పేర్లలో ఒక్క అక్షరం మార్చి పెట్టిన హానికరమైనవీ చేరాయి. డెబియన్‌లోనైతే కొత్త ప్యాకేజీకి ఐటీపీ బగ్ (ప్యాకేజీ చేయబోతున్నానని తెలిపే ప్రకటన) నమోదు చేసి, లింటియన్ అనే తనిఖీ సాధనం చూపిన లోపాలు సరిదిద్దాక, అప్‌లోడ్ హక్కున్న డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా ముందుకు రావాలి. ఆపై కొత్త ప్యాకేజీలను చూసే డెబియన్ బృందం పరిశీలించాలి. చాలామంది చిక్కుకునేది కాపీరైట్ ఫైలు దగ్గరే: మీ ప్రాజెక్టులో వేరొకరు రాసిన జావాస్క్రిప్ట్ ఫైలు ఒక్కటి ఉన్నా, దాని హక్కుదారు పేరు, లైసెన్సు అందులో ఉండాలి.

ఇంత జాగ్రత్త కూడా పూర్తి రక్షణ కాదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టుకు రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి నిర్వహణ బాధ్యత సంపాదించిన వ్యక్తి, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (రహస్య ప్రవేశమార్గం) చొప్పించారు. అది డెబియన్‌లో స్టేబుల్ అనే తుది విడుదలకు ముందు దశలైన అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖల్లోకి వచ్చింది. స్టేబుల్‌కు చేరకముందే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయడంతో బయటపడింది. అంచెలంచెలుగా విడుదల చేసే పద్ధతి వ్యవధి ఇచ్చింది. పట్టుకున్నది మాత్రం ఒక మనిషి శ్రద్ధ. అలా ఓపికగా చదివే మనుషులే అన్ని రిపోజిటరీల్లోనూ తక్కువ. మీ ఆలస్యానికి కారణం కూడా చాలావరకు అదే అయివుంటుంది.

కాబట్టి ఇంకో కొత్త ప్యాకేజీ తలపెట్టకండి. డెబియన్‌లో నిర్వాహకులు వదిలేసిన ప్యాకేజీల జాబితా ఉంది. మీరు వాడే దానిని ఒకటి ఎంచుకుని, తెరిచి ఉన్న ఒక బగ్‌కు ప్యాచ్ పంపండి. క్యాంపస్ రాతపరీక్షల్లో ఇవేవీ అడగరు, ఆ సాధన వేరుగా సాగాల్సిందే. ఇంటర్వ్యూలో మాత్రం, సమీక్షకుడి అభ్యంతరమూ దానికి మీరు చేసిన సవరణా కనిపించే ఆ బగ్ పేజీని చూపించవచ్చు. స్పాన్సర్‌కు మళ్లీ రాసేటప్పుడు ఎప్పుడు చూస్తారని అడగకుండా, గత లేఖ తరువాత ఏమేమి సరిదిద్దారో రెండు వాక్యాల్లో తెలియజేయండి.